అడ్డుపడువారు లేని కాశీయాత్ర: ‘ది పఫీ చెయిర్’ చలనచిత్ర పరిశీలనము

తెలుగు బ్రాహ్మణ వివాహములలో కాశీయాత్ర యను వేడుక యొకటి కలదు. స్నాతకము ముగిసిన వరుడు గొడుగు పట్టి, చేతికఱ్ఱ పూని, పాదరక్షలు తొడిగి, తనకు సంసారము వలదనియు, కాశికి పోయెదననియు చెప్పి బయలుదేరును. నాలుగడుగులు వేయునంతలో వధువు తండ్రియో సోదరుడో యెదురువచ్చి, పిల్లనిచ్చెదము, గృహస్థుడవు కమ్మని బతిమాలి వెనుకకు తోడుకొనివచ్చును. చూచువారందఱు నవ్వుదురు. కాశి చేరు నుద్దేశము వరునకు లేదని యెల్లరెఱుగుదురు. అయినను ఆ నాలుగడుగులు వేయనిదే తంతు నిండదు. పెద్దవాడగుటకు వెనుకాడు పురుషుని సంకోచమును మన పూర్వులు దాచిపెట్టలేదు, దూషింపను లేదు. దానికొక చోటు చూపిరి, ఒక కొలత పెట్టిరి, దానిని చూచి నవ్వుటకు అనుమతి యిచ్చిరి.

కొలత తప్పి ఆ నాలుగడుగులు వందల మైళ్లు సాగినచో, ఎదురువచ్చి యాపు బంధువొక్కడును లేకున్నచో, ఆ నవ్వు ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానముగా మాకు తోచిన కృతి యొక అమెరికా దేశపు చలనచిత్రము. పేరు ‘ది పఫీ చెయిర్’. ఉబ్బు మెత్తల కుర్చీ యని తెలుగున చెప్పుకొనవచ్చును. 2005వ సంవత్సరమున సన్డాన్స్ చలనచిత్రోత్సవమున తొలిసారి చూపబడి, 2006లో ప్రదర్శనశాలలకు వచ్చినది. తెలుగు పరిశోధన పత్రికలో అమెరికా చిత్రమును గూర్చిన చర్చ యేల యని పాఠకులు శంకింపవచ్చును. హాస్యరసమును, సంబోధనపదములను, పాత్రోచితభాషను పాఠము చెప్పువారమగు మనకు ఈ చిన్న చిత్రమున పనికివచ్చునది చాల కలదని మా విశ్వాసము.

చిత్రమునకు దర్శకుడు జే డుప్లాస్. ఆయన తమ్ముడు మార్క్ డుప్లాస్ తోడిరచయితయు, నాయకపాత్రధారియు. న్యూ ఓర్లీన్స్ నగరమున పెరిగిన ఈ సోదరులు 2003లో ‘దిస్ ఈజ్ జాన్’ అను లఘుచిత్రముతో గుర్తింపు పొందిరి. ఒక మనుష్యుడు తన టెలిఫోను యంత్రమున పలకరింపు మాట నొకదానిని ముద్రింపబూని, ఎన్నిమారులు పలికినను తృప్తి చెందక, తుదకు మనసు చెదరి కూలబడుట దాని కథ. దానికైన ఖర్చు మూడు డాలర్లని వారు చెప్పుకొందురు. ‘ది పఫీ చెయిర్’ వ్యయము సుమారు 15,000 డాలర్లు. ఆ సొమ్ము తల్లిదండ్రులనుండి వచ్చినది. చిత్రమున నాయకుని తల్లిదండ్రులుగా కనబడువారును వారే. నాయిక పాత్ర ధరించిన కేటీ ఆసెల్టన్ 2006లో మార్క్‌ను వివాహమాడెను. కథలో పొసగని పెండ్లి కథ వెలుపల పొసగినదన్నమాట. సంస్థల పెట్టుబడి లేక, చేతికిమిడెడి వీడియో కెమెరాతో, ఇంటివారితో, స్నేహితులతో తీసిన యిట్టి చిత్రములను అచ్చట ‘ఇండీ’ చిత్రములందురు. స్వతంత్రచిత్రములని మనము వ్యవహరింపవచ్చును.

కథ చెప్పుటకు పెద్ద శ్రమ లేదు. జాష్ న్యూయార్కున నుండు యువకుడు. ఒకప్పుడు సంగీతబృందమున పాడెను, అది నిలువలేదు. ఇప్పుడు ఇతరుల బృందములకు కచేరీలు కుదుర్చు పనిలో నున్నాడు. తండ్రి పుట్టినరోజు రానున్నది. తన చిన్ననాట ఇంటిలో తండ్రి కూర్చుండెడి వాలుకుర్చీ వంటిదే యొకటి ‘ఈబే’ యను అంతర్జాల విపణిలో అతనికి కనబడినది. దానిని కొని, దారిలోని యొక యూర నెత్తుకొని, అట్లాంటా నగరమునకు కొనిపోయి తండ్రికి సమర్పింపవలెనని సంకల్పము. ఒంటరిగా పోదలచినవాడు, ప్రేయసి యగు ఎమిలీతో తగవు రాగా, ఆమె మనసు కుదుటపఱచుటకై తోడు రమ్మనును. త్రోవలో సోదరుడు రెట్ బండి యెక్కును. తీరా పోయి చూడగా కుర్చీ ఛాయాచిత్రమున కనబడినట్లు లేదు. మాసి, చివికి యున్నది. తగవులాడి దానిని బాగుచేయించుకొందురు. ఇంత కష్టపడి సాధించిన కుర్చీకి రెట్ నిప్పు పెట్టును. కుర్చీ లేకయే తల్లిదండ్రుల యిల్లు చేరుదురు. జాష్, ఎమిలీ విడిపోవుదురు.

తండ్రికి కానుక యనునది పైకి చెప్పు కారణము. ఆ కుర్చీ తండ్రి యడిగినది కాదు. దానియందు తండ్రి కూర్చున్న దినములలో జాష్ పసివాడు; ఇంటి బరువు కుర్చీలోని వానిది, ఆట తనది. కనుక జాష్ డబ్బిచ్చి కొన్నది తన బాల్యమునే. కానుకగా దానిని తండ్రికి సమర్పించుటలో నొక మొఱ కలదు: నీవు మరల అందు కూర్చుండుము, నన్ను మరల పిల్లవానిగా నుండనిమ్మని. చిత్రమున ఈ మాట నెవ్వరును పలుకరు. కుర్చీ బండి వెనుకభాగమున నుండగా, ముందుభాగమున కూర్చున్న వారి మాటలు ఎంతసేపటికిని పెండ్లి దరిదాపులకు వచ్చి తిరిగిపోవుచుండుటవలన మనకే తెలియును.

ఇక హాస్యమును గూర్చి. భరతుడు నాట్యశాస్త్రమున హాస్యమునకు విభావములుగా వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, కుహకము, అసత్ప్రలాపము మొదలగువానిని పేర్కొనెను. మన తరగతులలో ఈ పట్టికను విద్యార్థులు వల్లెవేయుదురు. వికృతవేషము దాటి ఉదాహరణములు చెప్పుమన్నచో తడబడుదురు. ఈ చిత్రమున వికృతవేషము లేదు. తక్కినవి మాత్రము సమృద్ధిగా కలవు. రాత్రి బసకై దారిప్రక్క విడిదికి పోయి, ఒక్కడనే యని చెప్పి ఒకనికే అద్దె కట్టి, మిగిలిన యిద్దఱిని చాటుగా లోనికి చేర్చుటకు జాష్ చేయు ప్రయత్నము కుహకమునకు చక్కని లక్ష్యము. కొద్ది డాలర్లు మిగుల్చుకొనుటకై పెద్దవాడొకడు బడిపిల్లవాని యెత్తు వేయుచున్నాడు. కుర్చీ యమ్మినవానితో తగవు ధార్ష్ట్యము.

అంతకంటె ముఖ్యమైనది వ్యభిచారిభావముల సంగతి. హాస్యమునకు చెప్పబడిన వ్యభిచారులలో అవహిత్థము, ఆలస్యము, తంద్ర, నిద్ర, స్వప్నము మున్నగునవి కలవు. అవహిత్థమనగా లోపలి భావమును కప్పిపుచ్చుట. ఆలస్యమనగా చేయవలసినదానియందు మాంద్యము. ఈ రెంటిని కలిపినచో జాష్ పాత్ర సిద్ధించును. అతడు దుష్టుడు కాడు, మూర్ఖుడు కాడు, ఎమిలీపై ప్రేమ లేనివాడును కాడు. ఔనని చెప్పడు, కాదని చెప్పడు. చెప్పకుండుటను ఛలోక్తితో కప్పును. విదూషకుని తిండిపోతుతనమును మాత్రమే హాస్యమని భావించువారికి ఈ పాత్ర కొత్త. శాస్త్రము తెలిసినవారికి మాత్రము కొత్త కాదు.

శృంగారానుకరణమే హాస్యమని భరతుని మఱియొక మతము. దీనికి చిత్రారంభమున నొక దృశ్యము నిదర్శనము. 1989లో కామెరాన్ క్రో తీసిన ‘సే ఎనీథింగ్’ చిత్రమున నాయకుడు ప్రేయసి కిటికీ క్రింద నిలిచి, పాట మ్రోగుచున్న టేపురికార్డరును తలపై కెత్తి పట్టుకొనును. అమెరికా యువతరమునకు అది మేఘసందేశమంత ప్రసిద్ధము. ఎమిలీ యలిగినప్పుడు జాష్ అదే భంగిమను అనుకరించును. అసలు దృశ్యమున అది పందొమ్మిదేండ్ల యీడువాని నివేదనము. ఇక్కడ అరువు తెచ్చుకొన్న ముద్ర. ఎమిలీకి దాని మూలము తెలియును, జాష్‌కు ఆమెకు తెలియునని తెలియును. ఇద్దఱు నవ్వుకొందురు, తగవు తీరినట్లుండును. తగవునకు కారణమైన మాట మాత్రము మిగిలిపోవును. శృంగారము అనుకరణమైనచో హాస్యమగుట యిట్లు.

తెలుగువారమగు మనము ప్రత్యేకముగా గమనింపవలసినది సంబోధనము. జాష్ ప్రేయసిని ‘డ్యూడ్’ అని పిలుచును. లాలనలోను అదే, తగవులోను అదే. ఆ పదము పందొమ్మిదవ శతాబ్ది చివర సొగసుకాడను నర్థమున పుట్టి, తరువాత మగస్నేహితులు పరస్పరము పిలుచుకొను మాటగా మాఱినది. స్కాట్ కీస్లింగ్ అను భాషాశాస్త్రవేత్త 2004లో ప్రకటించిన వ్యాసమున దీనిని పరిశీలించి, ఆ పిలుపు చెలిమిని తెలుపుచునే దగ్గఱితనమునకు ఎడము పెట్టునని చూపెను. మగవాడు మగవానికి ఆత్మీయత చూపునపుడు ఆ యెడము ఉపయోగపడును. ఆలు కాదలచిన స్త్రీని ఆ మాటతో పిలుచుటలో ఏమి యున్నదో మనకు వివరింపనక్కఱలేదు. ‘ఏమండీ’, ‘ఏమోయ్’, ‘ఒసేయ్’ అను పిలుపులలో ఏది యెప్పుడు వాడబడినదో చూచి దంపతుల సంబంధమును గుర్తించుట మనకు అలవాటే. ప్రేయసిని ‘ఒరేయ్’ అని పిలుచు నాయకుని నూహించుకొన్నచో జాష్ స్వభావము సగము తెలియును. అతడామెను స్నేహితుని స్థానమున నుంచినాడు. స్నేహితుడు మూడు సంవత్సరముల తరువాత ఏమి చేయుదుమని యడుగడు.

మన యువకులును నేడు స్నేహితులను ‘మామా’, ‘బావా’ యని పిలుచుకొనుచున్నారు. చుట్టఱికము లేనిచోట చుట్టఱికపు పేరు పెట్టుట మన మార్గము. చుట్టము కావలసినచోట ఆ పేరు తప్పించుట జాష్ మార్గము. రెంటికిని పోలిక లేదనలేము గాని ఒకటి కావు.

ఇట్టి చిత్రముల భాషను గూర్చి అమెరికాలో నొక వివాదము కలదు. 2005లో ఆస్టిన్ నగరమున జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవ సందర్భమున ధ్వనిసంకలనకారుడగు ఎరిక్ మసునాగా వేడుకగా వీనికి ‘మంబుల్‌కోర్’ అని పేరు పెట్టెను. మంబుల్ అనగా గొణుగుట. ఆండ్రూ బుజాల్స్కీ ‘ఫన్నీ హ హ’ (2002) మొదలుగా ఈ తెగకు చెందిన చిత్రములలో పాత్రలు వాక్యము నారంభించి విడుతురు, ఒకరి మాటపై నొకరు మాటలాడుదురు, అర్థము లేని పదములతో వ్యవధిని నింపుదురు. పేరు వెక్కిరింతగా నిలిచినది. దర్శకులలో పలువురికి అది యిష్టము కాదు. విమర్శకులు కొందఱు దీనిని రచనాలోపమనిరి. మా యభిప్రాయము వేఱు. జాష్ వాక్యమును పూర్తిచేసినచో కథ ముగియును. నీవు నాకు భార్యవు కావలెనని గాని, వలదని గాని క్రియాపదముతో ముగించు శక్తి లేనివాని కథ యిది. క్రియ వాక్యాంతమున వచ్చు మన భాషలో ఈ తప్పించుకొనుట మఱింత స్పష్టముగా కనబడునేమో. ‘నేనేమనుకొనుచున్నానంటే, అంటే, అది...’ అని యాగినవాని మాటలో కర్త కలదు, కర్మ కలదు, క్రియ లేదు.

నిత్యవ్యవహారపు మాట నాటకమున కెక్కుటకు తగునా యను వివాదము మనకు పాతది. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి 1897లో అచ్చయి, 1909లో పెరిగి రూపాంతరము పొందిన కన్యాశుల్కము దానికి చెప్పిన సమాధానము మనమెఱుగుదుము. గిరీశమును ఇక్కడ తలచుకొనకుండ నుండలేము. అతడును బాధ్యతకు తప్పించుకొని ఊరు విడిచినవాడే, శిష్యుని వెంట ప్రయాణము చేసినవాడే. కాని గిరీశము గుక్క తిప్పుకొనక మాటలాడి తప్పించుకొనును. జాష్ మాట ముగింపక తప్పించుకొనును. వాక్చాతుర్యముగల పలాయనమును చూచి నవ్వుట కలవాటుపడిన మనకు, వాక్కు లేని పలాయనమును చూచి నవ్వుటకు కొంత యభ్యాసము కావలెను. 2018లో తరుణ్ భాస్కర్ ‘ఈ నగరానికి ఏమైంది’ చిత్రమున నలుగురు హైదరాబాదు మిత్రులను గోవా త్రోవ పట్టించినప్పుడు ఆ యభ్యాసము తెలుగు ప్రేక్షకులకును కొంత కలిగినది.

ప్రయాణహాస్యమునకు తెలుగున మేటి యుదాహరణము మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము. 1924 నాటి ఆ కథలో మొగలితుర్రు యువకుడు ఇంగ్లండునకు బయలుదేరును. రైలు తెలియదు, ఓడ తెలియదు, దొరల భోజనము తెలియదు. తెలియమి హాస్యమునకు బీజము. ప్రతి మజిలీలోను కొంత తెలియును గనుక నవ్వుచునే మనము వానితో ముందుకు పోవుదుము. జాష్‌కు తెలియనిదేదియు లేదు. బాట తెలియును, బండి తెలియును, ధరలు తెలియును. ఎమిలీ ఏమి యడుగుచున్నదో కూడ చక్కగా తెలియును. అందుచేత మజిలీ మాఱినను అతడు మాఱడు. పార్వతీశము ప్రయాణము నేర్చుకొనుటకు, జాష్ ప్రయాణము వాయిదా వేయుటకు. దారిలో నున్నంతకాలము మనుష్యుడు ఏదియో చేయుచున్నట్లే యుండును. దారికథను దీర్ఘవాయిదాగా వాడుకొనుట ఈ చిత్రపు విశేషము.

దీనినంతను ఒక వ్యాధిగా లెక్కించు పద్ధతియు కలదు. 1983లో డాన్ కైలీ యను మనశ్శాస్త్రజ్ఞుడు పెద్దవారు కానొల్లని పురుషులను గూర్చి ‘పీటర్ పాన్ సిండ్రోమ్’ అను పుస్తకము వ్రాసెను. 2000లో జెఫ్రీ ఆర్నెట్ పదునెనిమిది మొదలు ఇరువదియైదు వఱకుగల వయస్సును ప్రత్యేకదశగా గుర్తింపవలెనని ప్రతిపాదించెను. అమెరికాలో పురుషుని ప్రథమవివాహపు మధ్యమవయస్సు 1950 దశకమున ఇరువదిరెండు, ఇరువదిమూడు. 2005 నాటికి ఇరువదియేడు. కనుక జాష్ ఒంటరివాడు కాడు, తరమే ఆలస్యముగా నడచుచున్నది. అయినను లెక్కలవలన తీరని సంగతి యొకటి కలదు, ఆ సంగతి ఎమిలీ.

మన కాశీయాత్రలో వధువు వీథిలోనికి రాదు. ఆమె లోపల నుండును. వరుని వేడుక ఎంతసేపో ఆమెకు ముందే తెలియును. ఈ కథలో వధువు కాదగినది బండిలోనే, అతని ప్రక్కనే కూర్చున్నది. ప్రతి మైలును ఆమెయు తిరుగుచున్నది. ఇతని వాయిదా ఆమె వయస్సునుండి తీసినదే. ఈ చిత్రమును నాయకుని యెదుగనితనపు కథగా మాత్రమే చూచి నవ్వుకొన్నచో సగము చిత్రము చూచినట్లే. ఎమిలీ ఓర్పుగల దేవతగా చిత్రింపబడలేదు. ఆమె గునియును, అఱచును, ఒక్కొక్కప్పుడు మనకు విసుగు పుట్టించును. ఆ విసుగు న్యాయమైనదా యని ప్రశ్నించుకొన్నప్పుడు చిత్రము మనపై పనిచేయుట మొదలిడినదని యర్థము.

దీనికి పరాకాష్ఠ రెట్ పెండ్లి. రెట్ సుకుమారమనస్కుడు, బల్లులను వీడియో తీసి మురిసిపోవు రకము. దారిలో నొక చలనచిత్రశాలలో ఆంబర్ అను యువతి పరిచయమగును. ఆ రాత్రియే ఆరుబయట వారికి పెండ్లి. పురోహితుడు జాష్. తన వివాహమునుగూర్చి ఒక్క వాక్యము పూర్తిచేయలేనివాడు అన్యుల వివాహమును నిర్వహించును! చూచుచున్న ఎమిలీ కన్నీరు పెట్టుకొనును. మరునాటికి ఆ పెండ్లి లేదు. ఇచ్చట హాస్యము సులభమైనది, ప్రేక్షకులు బిగ్గఱగా నవ్వుదురు. మేము గమనించినది మఱొకటి. ఆ రాత్రి పెండ్లికి బంధువు లేదు, సాక్షి లేదు, భోజనము లేదు, అడ్డుపడువారు లేరు, అడ్డు తొలగించువారును లేరు. సాహసించి అడుగువేసిన రెట్‌ను, వేయలేని జాష్‌ను దర్శకుడు ప్రక్కప్రక్కన నిలిపి, ఒకనిని మెచ్చుకొని యొకనిని తెగడుటకు వీలు లేకుండ చేసెను. తొందరపాటు కూడ ఎదుగనితనమే కదా.

లోపములు లేవని కాదు. కెమెరా తఱచు అకస్మాత్తుగా ముఖముల సమీపమునకు పోవును. మొదట సహజమనిపించిన ఆ యలవాటు కొంతసేపటికి చేష్టగా తోచును. వీరి కష్టములు తిండికి, గుడ్డకు లోటులేనివారి కష్టములన్న ఆక్షేపణకును సమాధానము చెప్పుట తేలిక కాదు. పనిచేసిన మఱునాడు సెలవు దొరకనివానికి తండ్రి కుర్చీకై వారము దినములు తిరుగు వెసులుబాటు లేదు. కుర్చీ కాల్చుట గుర్తుగా మఱీ బాహాటముగా నున్నదని మాకు తోచినది.

తల్లిదండ్రుల యింట కొడుకు తండ్రితో పెండ్లిని గూర్చి మాటలాడును. అటుపై నిర్ణయము కొడుకునకే మిగులును. ఎదుటనున్న తండ్రి నిజముగా ఆ నటుని తండ్రియే, చిత్రమునకు డబ్బిచ్చినవాడే యని తెలిసి చూచునపుడు ఆ సంభాషణ మఱొక విధముగా వినబడును.

ఈ సోదరులు 2011లో ‘జెఫ్, హూ లివ్స్ ఎట్ హోమ్’ అను మఱొక చిత్రమును ప్రకటించిరి. నాయకునకు ముప్పది యేండ్లు. తల్లి యింటి నేలమాళిగలో నివసించును. ఈమారు అతడు బయలుదేరుట తన సంకల్పముతో కాదు. తల్లి టెలిఫోను చేసి, తలుపు రెక్క విఱిగినది, కఱ్ఱ నంటించు బంక కొనిరమ్మని చెప్పును. అతడు లేచి, చొక్కా తొడిగికొని, బస్సు కొఱకు పోవును.